బంతి కూడు పెట్టునా?

కుప్పం నుండి పలమనేరుకు పోవు రోడ్డుమీద శాంతిపురం ఉన్నది. పట్టుపురుగుల పెంపకం గురించి రైతులతో సంభాషణలు రికార్డు చేయుటకు ఆ ప్రాంతానికి వెళ్ళియుండగా ఒక సాయంకాలం పని ముగిసి చెరువుగట్టు మీద నిలుచున్నాను. నీరింకిన చెరువులో పదిహేను ఇరువదిమంది కుర్రవాళ్ళు ఫుట్‌బాల్ ఆడుచున్నారు. గోలు స్తంభాలకు బదులు ఒక వైపున రెండు జతల చెప్పులు, మరొక వైపున పుస్తకాల సంచులు. వారిలో ఒకడు మాత్రం బంతి తన దగ్గర లేనప్పుడు కూడ ఊరక నిలువలేదు. అటు ఇటు జరుగుచు, ఎదుటివాని వీపు వెనుకకు జారుకొనుచు, బంతి ఎక్కడికి రాగలదో అక్కడ ముందుగానే ఉండుచున్నాడు. నేను వానినే చూచుచున్నట్లు గ్రహించి, అంతకుముందు మల్బరీ ఆకును గురించి నాతో మాట్లాడిన రైతు ఒకాయన దగ్గరకు వచ్చి, "వాడు మావోడే సార్" అన్నాడు. గొంతులో గర్వమూ ఉన్నది, దిగులూ ఉన్నది. బెంగుళూరులో ఏదో క్లబ్బువారు పిల్లలను ఎంపిక చేయుచున్నారట, పంపుమని కుర్రవాడు పట్టుబట్టినాడట.

"మీరు రేడియోలో మాట్లాడేటోళ్ళు గదా సార్. నాలుగూళ్ళు తిరిగినోళ్ళు. ఒక మాట చెప్పండి. ఈ బంతాట కూడు పెడతాదా?"

నాకు వెంటనే సమాధానం తోచలేదు. పెట్టునని చెప్పుటకు ధైర్యం చాలలేదు. పెట్టదని చెప్పుటకు, ఆ కుర్రవాడు బంతి లేకుండ పరుగెత్తుటను కన్నులార చూచియున్నాను. విచారించి చెప్పెదనని వచ్చేసినాను. ఆ విచారణయే ఈ ప్రసంగం.

ఫుట్‌బాల్‌లో పదకొండుగురు ఆడుదురు. అందరి పనీ పనియే. కాని ముందు వరుసలో నిలిచి గోలు వేయవలసిన ఫార్వర్డు బ్రతుకు తక్కిన పదిమంది బ్రతుకువంటిది కాదు. వెనుక నిలుచువాడు పది దాడులను ఆపి ఒకదానిని ఆపలేకపోయినచో, పదింటిని ఆపినాడని చెప్పుకొను వారుందురు. ఫార్వర్డు విషయంలో లెక్క ఒక్కటే: ఎన్ని గోళ్ళు? సున్న అయినచో, తొంబది నిమిషాలు చెమటోడ్చినను అది సున్నయే. రేడియో వ్యాఖ్యానం విన్నవారికి ఈ సంగతి మరింత బాగుగ తెలియును. ఫార్వర్డు పేరు చాలసేపు వినబడదు. వినబడినప్పుడు వ్యాఖ్యాత గొంతు ఒక్కసారిగ పైకి లేచును, లేదా "అయ్యో" అని దిగిపోవును. ఆ రెండింటి నడుమనే అతని ఉద్యోగం.

తెలుగునేల మీద ఇటువంటి జీవితానికి ఉదాహరణ వెదకినప్పుడు నా మనస్సు మొదట తులసీదాస్ బలరాం దగ్గర ఆగినది. ఆయన 1936లో సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టినాడు. తల్లిదండ్రులు తమిళులు. ఇంట ఒక భాష, వీధిలో ఇంకొక భాష, మైదానంలో వేరొక భాష. మూడు రాష్ట్రాల సరిహద్దులో కాపురముండు కుప్పం, శాంతిపురం ప్రాంతాలవారికి ఇది వింతగా తోచదు. అమ్ముగూడ దండుకు ఆనుకొనిన పల్లె. దండు ఉన్నచోట మైదానముండును, మైదానమున్నచోట బంతి ఉండును, బంతి వెంట పరుగెత్తు పేదపిల్లలుందురు. వారిలో ఒకడు బలరాం.

ఆ రోజులలో హైదరాబాదు ఫుట్‌బాల్ అనగా సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాహెబు వృత్తిచేత బడిపంతులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినాడు. ఆయన తర్ఫీదు క్రింద హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు బొంబాయి రోవర్స్ కప్పును ఇంటికి తెచ్చినది. బడిపంతులు గనుక ఆయన పద్ధతులు కూడ పలక బలపం పద్ధతులే. బంతిని కాళ్ళ నడుమ త్రిప్పుకొనుచు గొప్పలు చూపుట ఆటగానికి సహజమైన జాడ్యం. దానికి మందుగా ఆయన, బంతిని అట్టే పెట్టుకొనక వచ్చినది వచ్చినట్లు అందించవలెనను నియమంతో పోటీలు పెట్టించినాడు. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనే ఆడవలెనని మరొక పోటీ. వినుటకు పిల్లల ఆటవలెనున్నది గాని, ఫార్వర్డు జీవితమంతయు ఇందులోనే ఇమిడి ఉన్నది. గోలు ముందర అతనికి చిక్కు వ్యవధి రెప్పపాటు. ఆ రెప్పపాటులో బంతిని తన వాటానికి మార్చుకొనుటకు ఒక అడుగు వేసినచో, ఆ అడుగులోనే ఎదుటివాడు అడ్డుపడును. ఏ కాలికి వచ్చిన బంతిని ఆ కాలితోనే కొట్టగలవానికి ఆ అడుగు మిగులును.

ఆ బడిలో తయారైన బలరాం కుదురైన మనిషి. ఎడమ అంచున ఆడుమన్న ఆడును; లోపలికి వచ్చి ఆడుమన్న ఆడును; నడుమ నిలిచి గోళ్ళు వేయుమన్న వేయును. హైదరాబాదులో రైడర్స్ క్లబ్బు తరఫున ఆడి, 1956 డిసెంబరులో, ఇరువది ఏండ్ల వయస్సులో, మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశపు చొక్కా తొడిగినాడు. ఆ పోటీలో మనవారు ఆస్ట్రేలియాను 4–2 గోళ్ళతో ఓడించి నాలుగవ స్థానం పొందినారు. అంతకు నాలుగేండ్ల ముందు హెల్సింకిలో, మనవారు చాలమంది వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1గా ఓడినారని తలచుకొన్నచో, ఆ నాలుగవ స్థానం ఎంత దూరపు ప్రయాణమో తెలియును. ఆ వెనువెంటనే 1956–57, 1957–58 సంవత్సరాలలో సంతోష్ ట్రోఫీ హైదరాబాదుకు వచ్చినది. ఆ జట్లలోను బలరాం ఉన్నాడు.

ఇక్కడ శ్రోతలు ఒక ప్రశ్న వేయవచ్చును. ఇంత ఆడిన మనిషి తినినది ఎవరి కూడు? ఆ కాలంలో మన దేశంలో వృత్తి ఫుట్‌బాల్ అనునది కాగితం మీద లేదు. ఆటగాడు పోలీసు, లేదా రైల్వే ఉద్యోగి, లేదా సైనికుడు. జీతం శాఖది, ఆట కూడ శాఖదే. కలకత్తా పెద్ద క్లబ్బులు మాత్రం వేరు. అవి పై ఊళ్ళనుండి ఆటగాండ్రను పిలిపించుకొని పోషించుచుండెను. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు బలరాంను అట్లే పిలిపించుకొన్నది. హైదరాబాదు కుర్రవాడు మరల వెనుకకు తిరుగలేదు. బ్రతుకంతయు బెంగాలులోనే గడచినది.

కలకత్తాలో ఆయన గడిపిన ఏండ్లను గురించి ఎంత చెప్పినను చాలదు, సమయం పరిమితము. ఒక్క 1961వ సంవత్సరం చూడుడు. ఆ యేడు ఆయన ఈస్ట్ బెంగాల్ నాయకుడు. తొమ్మిదేండ్లుగా దక్కని కలకత్తా లీగును క్లబ్బు ఆ యేట గెలిచినది. లీగులో అందరికంటె ఎక్కువగా 23 గోళ్ళు వేసినవాడును నాయకుడే. నాయకుడు గోళ్ళు కూడ వేయవలసి వచ్చుట, పెండ్లి పెద్దయే వంట కూడ చేయవలసి వచ్చుటవంటిది. బలరాం రెండు పనులను చేసినాడు.

అంతకు ముందటి యేడు, 1960లో, రోమ్ ఒలింపిక్ క్రీడలు. మన కూటమిలో హంగరీ, ఫ్రాన్సు, పెరూ. హంగరీ ఎటువంటి జట్టనగా, ఆ ఒలింపిక్‌లో కాంస్య పతకం పొందినది. ఆ జట్టు మీద మనవారు 2–1తో మాత్రమే ఓడినారు. ఆ ఒక్కటి బలరాం వేసినది. ఫ్రాన్సుతో 1–1 సమానం. అది నాయకుడు పి.కె. బెనర్జీ గోలు. పెరూ మీద 3–1 ఓటమి. మనకు దక్కిన ఆ ఒక్కటి మరల బలరాందే. మూడు ఆటలలో మనకు మూడు గోళ్ళు, రెండు ఈయనవి. అయినను జట్టు మొదటి మెట్టులోనే ఇంటికి వచ్చినది. గోలు వేసి ఓడిపోవుట ఫార్వర్డుకు మాత్రమే తెలిసిన ఒక విధమైన రుచి. అది తీపీ కాదు, చేదూ కాదు.

రెండేండ్లకు జకార్తాలో ఆసియా క్రీడలు. అక్కడి ప్రేక్షకులు మన దేశంమీద కోపంగా ఉండిరి. ఇజ్రాయెలు, తైవాను దేశాలవారిని రానీయకపోవుటను మన క్రీడాధికారి ఒకరు తప్పుపట్టుట ఆ కోపానికి కారణం. ఆ హోరులో మన జట్టు జపానును 2–0తో గెలిచినది. ఒకటి బెనర్జీ, ఒకటి బలరాం. 1962 సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం పొందినది. ఈ ఫైనలులో ఒక చిత్రమున్నది. వెనుక వరుసలో ఆడవలసిన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడియుండెను. తలతో బంతిని అడ్డుటకు వీలుకాదని రహీం ఆయనను ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డుగా నిలిపినాడు. గోలు వేసినాడు జర్నైల్. పుట్టు ఫార్వర్డులు ముగ్గురు, చూనీ గోస్వామి, బెనర్జీ, బలరాం, ఆ కుట్లు వేసిన తలకోసం తమ తావులు సర్దుకొని ఆడినారు. అప్పటికే వ్యాధితో నున్న రహీం మరుసటి యేడు, 1963 జూన్‌లో, కన్ను మూసినాడు.

ఆ 1962లోనే బలరాంకు అర్జున అవార్డు వచ్చినది. ఇప్పుడు ఆయనకు ఇరువదియారేండ్లు. ఫార్వర్డు జీవితంలో ఇది పంట చేతికి వచ్చు కాలం. 1963లో ఆయన రైల్వేవారి జట్టగు బెంగాల్ నాగపూర్ రైల్వేకు మారినాడు. ఆ యేడే ఆట ముగిసినది. ప్లూరిసీ అను జబ్బు, అనగా ఊపిరితిత్తులను కప్పు పొరకు వాపు. పరుగెత్తుటయే వృత్తియైనవానికి ఊపిరి తీసుకొనుటయే కష్టమైనది. కాలు విరిగినచో అతుకును; మోకాలు తిరిగినచో కట్టుకట్టవచ్చును. ఊపిరికి వచ్చిన జబ్బుతో వాదన లేదు. ఇరువదియేడేండ్లు నిండీ నిండక మునుపే ఆయన బూట్లు విప్పినాడు.

తరువాత అరువది ఏండ్లు బ్రతికినాడు. ఈ లెక్క చూచినప్పుడెల్ల నాకు మనస్సు కలతపడును. అంతర్జాతీయ ఆట ఏడేండ్లు. ఆట తరువాతి బ్రతుకు అరువదేండ్లు. ఆ అరువదేండ్లకు ఆధారం 23 గోళ్ళు కాదు, బంగారు పతకం కాదు, రైల్వే ఉద్యోగం. రైల్వే జట్టుకు తర్ఫీదు ఇచ్చినాడు, కుర్రవాండ్రకు ఆట నేర్పినాడు. కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో నివసించినాడు. తనతో కలిసి ఆడిన చూనీ గోస్వామికి, బెనర్జీకి పద్మశ్రీ దక్కినది, ఈయనకు దక్కలేదు. ఆ ఇద్దరు 2020లో కొద్ది వారాల తేడాలో పోయినారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న పోయినాడు. మరుసటి సంవత్సరం వచ్చిన మైదాన్ అను హిందీ చలనచిత్రం రహీం కథను చూపినది. అందులో బలరాం పాత్ర ఉన్నది. చూచుటకు ఆయన లేడు.

బలరాం దేశమెరిగిన ఆటగాడు. మా శాంతిపురం కుర్రవానికి ఆ ఎత్తు చూపి ఆశపెట్టుట న్యాయము కాదని నాకు తెలియును. కనుక క్రింది మెట్ల సంగతి చూతము. ఈ క్రింది మెట్ల ఆటను ఒక వృత్తిగా నిలిపిన దేశం ఇంగ్లండు. అక్కడ వృత్తి ఫుట్‌బాల్ లీగులు నాలుగంతస్తుల మేడ. నాలుగవ అంతస్తు, అనగా అడుగుది, 1958లో కట్టినారు. ఆ యేడే ఆర్థర్ రౌలీ అను సెంటర్ ఫార్వర్డు వేల్సు సరిహద్దు చెంతనున్న ష్రూస్‌బరీ అను చిన్న ఊరి జట్టుకు ఆటగాడుగను మేనేజరుగను వచ్చి, మొదటి సంవత్సరంలోనే దానిని ఒక అంతస్తు పైకెక్కించినాడు. 1965లో ఆట విరమించునప్పటికి అతడు లీగు ఆటలలో వేసిన గోళ్ళు 434. ఇంగ్లండు లీగు చరిత్రలో అంతకు మించినవాడు నేటికిని లేడు. కాని ఇంగ్లండు దేశపు పెద్ద జట్టులో ఒక్కసారి కూడ ఆడలేదు! బలరాం దేశానికి ఆడి ఇరువదియేడింట ఆగినాడు. రౌలీ దేశానికి ఆడకయే దాదాపు నలువది ఏండ్ల వయస్సు వరకు ఆడినాడు. ఎవరిది మెరుగు బ్రతుకో చెప్పుమన్నచో నేను చెప్పలేను. రౌలీ ఆడిన రోజులలో చాలకాలం ఇంగ్లండులో ఆటగాని జీతానికి గరిష్ఠ పరిమితి ఉండెను. 1961లో ఎత్తివేయునప్పటికి అది వారానికి 20 పౌండ్లు. ఎన్ని గోళ్ళు వేసినను అంతే.

జీతపు పరిమితి పోయినంతనే క్రింది అంతస్తులవారు ధనవంతులైనారని అనుకొనరాదు. జేమీ వార్డీని పదునారేండ్ల వయస్సులో ఒక పెద్ద క్లబ్బు పొట్టివాడని వదలివేసినది. అతడు నాలుగంతస్తుల మేడకు కూడ వెలుపలనున్న ఒక చిన్న జట్టుకు వారానికి 30 పౌండ్లకు ఆడుచు, పగలు ఒక కర్మాగారంలో వికలాంగులకు కావలసిన బద్దలు తయారుచేయు పనిలో ఉండెను. 2012లో లెస్టర్ నగరపు జట్టు అతనిని కొన్నది. 2015–16లో ఆ జట్టు దేశానికే ఛాంపియను అయినది. వార్డీ వరుసగా 11 ఆటలలో గోలు వేసినాడు. ఈ కథను విన్న ప్రతి తల్లిదండ్రికి ఒక మాట చెప్పవలసి ఉన్నది. వార్డీతో పాటు ఆ 30 పౌండ్లకు ఆడినవారు మరెందరో ఉండిరి. వారు కర్మాగారంలోనే ఉండిపోయినారు.

మన దేశంలో ఇప్పుడు పరిస్థితి ఎట్లున్నది? 1996లో జాతీయ లీగు వచ్చినది. 2007లో అది ఐ-లీగు అయినది. 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చినది. ఐ-లీగు క్రింద రెండవ, మూడవ మెట్లు కూడ ఏర్పడినవి. అనగా క్రింది మెట్ల వృత్తి ఫార్వర్డు అనువాడు మన దేశంలోను పుట్టినాడు. విశాఖపట్నంలో మొలకెత్తి హైదరాబాదుకు చేరిన శ్రీనిధి దక్కన్ జట్టు 2022–23లోను 2023–24లోను ఐ-లీగులో రెండవ స్థానం పొందినది. హైదరాబాదు పేరు పెట్టుకొనిన సూపర్ లీగు జట్టు 2022 మార్చిలో ఛాంపియను అయినది; మూడేండ్లు గడచి 2025లో ఆ జట్టే దిల్లీకి తరలిపోయినది. ఆటగాని ఒప్పందం సంవత్సరానికో రెండేండ్లకో. జట్టు ఆయువే అంతంత మాత్రమైనప్పుడు ఆ ఒప్పందమును నమ్మి ఇల్లు కట్టరాదు.

ఈ సందర్భంలో నిజామాబాదు జిల్లా తండా బిడ్డ సౌమ్య గుగులోత్‌ను తలచుకొనక తప్పదు. ముందు వరుసలో అంచున ఆడు ఈ యువతి కేరళ జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియా దేశపు జాగ్రెబ్ నగరపు జట్టుకు పోయి, తరువాత ఈస్ట్ బెంగాల్‌కు వచ్చినది. బలరాం నాయకత్వం వహించిన క్లబ్బు చొక్కానే అరువదేండ్లు గడచిన తరువాత తండా ఆడపిల్ల తొడుగుకొన్నది. మగపిల్లలకే కూడు పెట్టని ఆటను ఆడపిల్లకు నేర్పించిన ఆ తల్లిదండ్రుల ధైర్యాన్ని నేను కొలువలేను.

శాంతిపురం కుర్రవానికి దగ్గరి ఫుట్‌బాల్ పట్టణం ఏది? ఒకప్పుడైతే కోలారు బంగారు గనులు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెలనుండి పోయి గనిలో దిగినవారి పిల్లలు అక్కడి మైదానాలలో బంతి తన్నినారు. ఆ గనులు 2001లో మూతపడినవి. ఇప్పుడు రైలెక్కి బెంగుళూరు పోవలసినదే. అక్కడ నగర లీగులో సూపర్ డివిజను, దాని క్రింద ఎ, బి, సి డివిజనులు ఉన్నవి. క్రింది డివిజనులలో ఆట పెట్టునది కూడు కాదు, దారిఖర్చు. పై డివిజనులో మంచి ఫార్వర్డని పేరు వచ్చినచో ఏదైన ప్రభుత్వ శాఖవారు గాని, బ్యాంకువారు గాని క్రీడాకారుల కోటాలో పిలువవచ్చును, పిలువకపోవచ్చును. 1958లో కలకత్తా లీగును ఈస్టర్న్ రైల్వే జట్టు గెలిచినది, బెనర్జీ ఆ జట్టులోనివాడే. మరల మూడు పెద్ద క్లబ్బులు కాని జట్టు ఆ లీగును గెలుచుటకు 2019 వరకు పట్టినది. శాఖల జట్లకు ఆ వైభవం తగ్గిపోయినది. కోటా ఉద్యోగాలు మాత్రం ఇంకను ఉన్నవి.

మొన్న ఆ రైతుకు ఫోను చేసినాను. బలరాం కథ చెప్పినాను; రౌలీని గురించి చెప్పినాను; దాచకుండ ఊపిరితిత్తుల జబ్బు కూడ చెప్పినాను. ఆయన మధ్యలో మాట్లాడలేదు. బంగారు పతకాన్ని గురించి అడుగలేదు, రోమ్‌ను గురించి అడుగలేదు. అంతయు విని ఒక్క ప్రశ్న వేసినాడు:

"ఆ బలరాం గారికి రైల్వే పని వచ్చింది ఆటవల్లనే గదా సార్?"

అవునన్నాను.

"సదువు ఎంతవరకు ఉండాల సార్, ఆ పనికి?"

కనీసం పదవ తరగతి అయినా ఉండవలెనని చెప్పినాను. కొంచెంసేపు నిశ్శబ్దం. వెనుక నుండి పట్టుగూళ్ళ బేరమాడుచున్న వారి కేకలు వినబడుచున్నవి.

"పంపిస్తాను లే సార్. పదో తరగతి పరీచ్చలు కానీండి ముందు. అంతదాకా చెరువులోనే ఆడుకోనీ, నీళ్ళు వచ్చేదాకా."